పాలు పూసి ఊరుకోలేదు వాళ్లు

జగిత్యాల జిల్లా ముత్యంపేట అనగానే బయటివాళ్లకు 2015 డిసెంబరులో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. కానీ మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల రైతుకు చెరుకు ఒక్కటే ఆధారం కాదు, పసుపు కూడా. ఆ పసుపు చుట్టూ ఇప్పుడు వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది. పసుపు క్యాన్సర్‌ను మాన్పుతుందట, చర్మం మీది పుండయితే పూస్తే చాలట. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే కాసేపు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సంగతి చూడాలి.

అక్కడ ఎండ ఎక్కువ, జనంలో తెల్లతోలువాళ్లు ఎక్కువ. చర్మ క్యాన్సర్ ప్రపంచంలో మరీ ఎక్కువగా కనిపించే చోట్లలో అదొకటి. వాళ్ల పెరళ్లలో యూఫోర్బియా పెప్లస్ అనే కలుపుమొక్క మొలుస్తుంది. మన గట్ల మీద పెరిగే నానబాలుకు దగ్గరి చుట్టం. తుంచితే తెల్లటి పాలు కారతాయి. మనవాళ్లు పులిపిర్లకు పాలు పూసినట్టే వాళ్లు ఎండకు లేచిన పొలుసుల మీద, మచ్చల మీద ఆ పాలు పూసుకునేవారు.

ఇక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే దారి. బ్రిస్బేన్ పరిశోధకులు మాత్రం ఆ పాలలో పనిచేసేది ఏమిటో వెతికి, ఇంజెనాల్ మెబ్యుటేట్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. పచ్చి పాలను కూడా వదల్లేదు. కోత వద్దన్నవాళ్లు, కోతకు పనికిరానివాళ్లు, ఇతర చికిత్సలు పారనివాళ్లు మొత్తం 36 మందిని తీసుకుని, వాళ్ల ఒంటి మీది 48 చర్మ క్యాన్సర్ పుండ్లకు రోజుకోసారి మూడు రోజులు పూశారు. వాటిలో బేసల్ సెల్ అనే రకం పుండ్లు నెల తర్వాత చూస్తే 82 శాతం కనబడకుండా పోయాయి. అక్కడితో ఆపి ఉంటే అది అద్భుతమే! సగటున 15 నెలలకు మళ్లీ చూస్తే ఆ లెక్క 57 శాతానికి దిగింది. 2011లో అచ్చయిన వ్యాసంలో రెండు అంకెలూ ఉన్నాయి. నాకు ముచ్చటేసింది ఆ రెండో అంకె చూసే.

శుద్ధిచేసిన పదార్థంతో తయారైన పికాటో అనే జెల్‌కు 2012 జనవరిలో అమెరికా అనుమతి వచ్చింది. అదీ క్యాన్సర్‌కు కాదు, క్యాన్సర్‌గా మారే వీలున్న ఎండ పొలుసులకు. అమ్మకాలు సాగుతుండగానే, మూడేళ్లపాటు రోగులను గమనించే అధ్యయనం ఒకటి నడిచింది. పికాటో వాడినవాళ్లలో 3.3 శాతం మందికి చికిత్స చేసిన చోటే స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ వచ్చింది. ఇమిక్విమాడ్ అనే మరో మందు వాడినవాళ్లలో అది 0.4 శాతమే. 2020లో ఐరోపాలో అమ్మకం ఆగిపోయింది. చర్మ క్యాన్సర్ రాకుండా చూడాల్సిన మందే దాన్ని తెచ్చిపెట్టేలా ఉందని అక్కడి మందుల సంస్థ తేల్చింది.

ఇది మరీ వింతేమీ కాదు. విరేచనాలకు నాటువైద్యులిచ్చే నేపాళం కూడా అదే మొక్కల కుటుంబానిది. ఎలుకల చర్మం మీద క్యాన్సర్‌ను ఎగదోసి చూడటానికి ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా వాడింది దాని గింజల నూనెనే. ఆ నూనెలోని పదార్థాలకూ ఇంజెనాల్ మెబ్యుటేట్‌కూ కణంలో తగిలే చోటు ఒకటే. చెట్టుది కాబట్టి చెడు చేయదనే ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఈ మొక్కల ముందు అది నిలబడదు.

ఇప్పుడు పసుపు సంగతికొద్దాం. మనవాళ్లు అసలు పరీక్షించలేదనడం అన్యాయం. 1987లో కేరళ పరిశోధకులు పైకి కనిపించే క్యాన్సర్ పుండ్లున్న 62 మందికి పసుపు సారం, పసుపులోని కర్క్యుమిన్‌తో చేసిన లేపనం పూసి చూశారు. పదిలో తొమ్మిది మందికి వాసన తగ్గింది, దురద దాదాపు అందరికీ తగ్గింది. పుండు చిన్నదైంది మాత్రం పదింట ఒకరికే. పుండు వాసనకు పక్కన ఎవరూ కూర్చోని రోగికి ఆ ఉపశమనం చిన్నది కాదు. అయితే ఉపశమనం వేరు, నయం కావడం వేరు. 2001లో తైవాన్ వైద్యులు కర్క్యుమిన్‌ను నోటి ద్వారా ఇస్తే, చర్మ క్యాన్సర్ తొలి దశ అయిన బోవెన్ వ్యాధి ఉన్న ఆరుగురిలో ఇద్దరికి మెరుగు కనిపించింది. పోల్చి చూడటానికి మరో గుంపు లేని చిన్న ప్రయత్నమది. పైగా నోటితో తీసుకున్న కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది బహుకొద్ది.

నిజామాబాద్‌కు 2025లో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. ధర, ఎగుమతుల సంగతి చూడాల్సిందే. దాంతోపాటు పసుపు మందుగా ఎంత పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలకూ ఇంత డబ్బు పెడితే మేలు. ఫలితం చేదుగా వచ్చినా అచ్చువేసే ధైర్యం ఉండాలి.

మనలో చర్మ క్యాన్సర్ అరుదే, లేకపోలేదు. అరికాలి మీద పెరిగే నల్లమచ్చ, పాత కాలిన మచ్చలో లేచి మానని పుండు, రంగూ అంచూ మారుతున్న పుట్టుమచ్చ ఉంటే జిల్లేడు పాలు, పసుపు ముద్ద పక్కన పెట్టండి. వెంటనే జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో చర్మ వైద్యుడికి చూపించి, ముక్క పరీక్ష చేయించండి. క్యాన్సరని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.