లెక్కకెక్కని పిల్లలకు పంతులు వస్తాడా?

దర్శి: ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు చెప్పేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 2,260 ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. వీటిలో 1,136 సెకండరీ గ్రేడ్ పోస్టులు, 1,124 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. అంతకు నెల ముందే, మార్చి 7న, ఈ పోస్టులు ప్రకటించేందుకు సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ మూడు వారాల గడువు పెట్టింది. ఇది మంచి పరిణామమే. అయితే ఈ పంతుళ్లు ఎవరి కోసం?

చూపు లేనివారు, వినికిడి లేనివారు, నడవలేనివారు, బుద్ధిమాంద్యం ఉన్నవారు అని చాలామంది అనుకుంటారు. అది నిజమే గాని సగం నిజం. చట్టం మరో వర్గాన్ని కూడా గుర్తించింది. ఈ పిల్లలకు కళ్లు కనపడతాయి. చెవులు వినపడతాయి. తెలివికి లోటు లేదు. కాని ఎంత దిద్దించినా చదువు పట్టుబడదు. ఇంగ్లీషులో దీన్ని డిస్లెక్సియా అంటారు. మన ఊళ్లలో వాడుకలో ఉన్న పేరు మాత్రం ‘మొద్దు’.

లోపం బయటికి కనపడదు గనుక ఈ పిల్లలు రికార్డులకెక్కరు. రికార్డుకెక్కని పిల్లవాడి కోసం పంతులు రాడు. దర్శి, ముండ్లమూరు, తాళ్లూరు, కురిచేడు, దొనకొండ మండలాల తల్లిదండ్రులు ముందుగా ఆలోచించవలసిన సంగతి ఇది.

ఎవరీ పిల్లలు?

బజారుకు పోయి నాలుగు సరుకులు తెచ్చి, చిల్లర సరిగా లెక్క చెప్పే కుర్రవాడు ఉంటాడు. పత్తి ఎన్ని క్వింటాళ్లు తూగిందో, ఎంత సొమ్ము రావాలో నోటితో చెప్పగలడు. పుస్తకంలో ‘పత్తి’ అన్న మాటను మాత్రం ‘పతి’ అని చదువుతాడు. ‘ప’కు, ‘వ’కు, ‘ష’కు తేడా పోల్చుకోలేడు. ‘మ’ను ‘య’ అంటాడు. గుణింతం మొత్తం పాటలాగా అప్పజెబుతాడు. మధ్యలో ‘కు’ ఒక్కటి చూపించి ఇదేమిటంటే మళ్లీ ‘క, కా, కి, కీ’ అని మొదటినుంచి ఎత్తుకుంటాడు. నిన్న చదివిన మాట ఈరోజు కొత్తగా కనపడుతుంది.

ఇది బద్ధకం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో జత కలపటంలో మెదడుకు కలిగే ఇబ్బంది. తరచు కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. కళ్లజోడుతో పోదు. జ్ఞాపకశక్తి టానిక్కులతో పోదు. బెత్తంతో అసలే పోదు.

వైద్యులకు ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు 1896లోనే 14 ఏళ్ల బాలుడి గురించి వైద్య పత్రికలో రాశారు. బోధన అంతా నోటితోనే సాగితే బడిలో అందరికంటే చురుకైనవాడు ఇతడేనని ఆ బాలుడి ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. చదవటం, రాయటం, లెక్కలు కలిపి చూస్తే ఇటువంటి అభ్యసన లోపాలు బడి ఈడు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఉంటాయని అంతర్జాతీయ వైద్య ప్రమాణ గ్రంథాలు చెబుతున్నాయి. తక్కువలో తక్కువ లెక్క వేసినా, నలభై మంది పిల్లలున్న తరగతిలో ఇద్దరు ఉంటారన్నమాట.

బడి మానటం వేరు, చదవలేకపోవటం వేరు

మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. మిరప కోతలు, పత్తి తీతలు వచ్చాయంటే కూలి కుటుంబాలు పిల్లలతో సహా పొలం బాట పడతాయి. వారాల తరబడి బడికి రాని పిల్లవాడికి చదువు రాకపోవటంలో వింత లేదు. దానికి కారణం లోపం కాదు, హాజరు. పాఠం సరిగా చెప్పకపోయినా అంతే. చదవలేని ప్రతి పిల్లవాడికీ డిస్లెక్సియా ముద్ర వెయ్యటం తప్పు.

తేడా తెలుసుకునే మార్గం ఉంది. బడికి దూరమైన పిల్లవాడికి రెండు మూడు నెలలు శ్రద్ధగా చెబితే అందుకుంటాడు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు రోజూ బడికి వచ్చినా, ఉపాధ్యాయుడు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినా, అక్కడక్కడే తిరుగుతూ ఉంటాడు. నోటి తెలివికీ కాగితం మీది చదువుకూ మధ్య ఎడం తగ్గదు. ఆ ఎడమే అసలు గుర్తు.

రెంటినీ ఒకే గాటన కట్టటం వల్ల నష్టపోయేది పిల్లవాడే. ఏడాదికేడాది పై తరగతికి వెళతాడు. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో వచ్చేసరికి తోటివారి నవ్వులు భరించలేక బడి మానేస్తాడు. ‘వాడికి చదువు అబ్బలేదు’ అని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. మిరప కల్లంలోకి మరో కూలీ వస్తాడు. ఆడపిల్ల అయితే పెళ్లి మాటలు మొదలవుతాయి.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ లోపం ప్రస్తావన లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో అభ్యసన వైకల్యాలకు చోటు దక్కింది. ఈ లోపాన్ని వీలైనంత తొందరగా కనిపెట్టి, తగిన బోధనా పద్ధతులు చేపట్టవలసిన బాధ్యత విద్యాసంస్థలదేనని చట్టం చెబుతోంది. ప్రభుత్వ బడులకే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సడలింపులకూ అవకాశం కల్పించింది.

మూడో తరగతిలో గాని, ఎనిమిదేళ్ల వయసులో గాని, ఏది ముందయితే అప్పుడు, ఉపాధ్యాయులే తొలి పరిశీలన చెయ్యాలని 2018 జనవరిలో కేంద్రం నిర్దేశించింది. ఆ తరువాత పిల్లల వైద్యుడు చూపు, వినికిడి పరీక్షిస్తాడు. మనస్తత్వ నిపుణుడు తెలివిని, చదివే శక్తిని కొలుస్తాడు. ఉపాధ్యాయుల తొలి పరిశీలన కోసం జాతీయ విద్యా పరిశోధన మండలి 2022లో ‘ప్రశస్త్’ అనే మొబైల్ యాప్‌ను విడుదల చేసింది.

హక్కును కోర్టులూ సమర్థించాయి. చేతిరాత లోపం ఉన్న ఒక విద్యార్థినికి నీట్ పరీక్షలో ఇవ్వవలసిన అదనపు గంట ఇవ్వకపోవటాన్ని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

పంతుళ్ల విషయానికి వస్తే, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2022 జూన్‌లో కేంద్రం నిష్పత్తి ఖరారు చేసింది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. పిల్లల సంఖ్యను బట్టి పంతుళ్ల అవసరం తేలుతుంది. పేరు రాయని పిల్లవాడు ఆ పదిమందిలో లేడు.

కాగితం చదువు చెప్పదు

వైకల్య ధ్రువపత్రం అంటే తల్లిదండ్రులు జంకటం సహజం. ‘రేపు పిల్లకు సంబంధం రావద్దా?’ అన్న భయం ఉంటుంది. కాని పరిశీలన చేయించటం వేరు, ధ్రువపత్రం తీసుకోవటం వేరు. బడిలో జరిగే తొలి పరిశీలనకు ధ్రువపత్రంతో పనిలేదు. తగిన బోధన అందించే బాధ్యత నుంచి కూడా ఆ కాగితం లేదన్న సాకుతో బడి తప్పుకోరాదు. పరీక్షల్లో సడలింపులు, రిజర్వేషన్లు కావాలంటే మాత్రం అది అవసరమవుతుంది.

మరో మాట. ధ్రువపత్రం పరీక్షలో గంట సమయం ఇప్పిస్తుందే గాని అక్షరం నేర్పదు. నేర్పేవాడు కావాలి. మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడుస్తున్న భవిత కేంద్రాల్లో సహిత విద్య సిబ్బంది ఉన్నారు. నడవలేని, మాట్లాడలేని పిల్లల అవసరాలే వారి సమయంలో అధిక భాగం కోరతాయి. అది న్యాయమే. కొత్త పోస్టులతోనైనా, చదవలేని పిల్లలకంటూ కొన్ని గంటలు కేటాయించాలి. వారికి బోధించే పద్ధతిలో ఒకటి రెండు తరగతుల ఉపాధ్యాయులకూ శిక్షణ ఇవ్వాలి. యాభై కిలోమీటర్లకు పైబడిన ఒంగోలుకు వారానికి రెండుసార్లు పిల్లవాడిని తీసుకువెళ్లాలంటే కూలి కుటుంబం తట్టుకోలేదు. బస్సు ఛార్జీ ఒక ఖర్చు, పోయిన కూలి మరో ఖర్చు.

పంతులు వచ్చేలోగా

ఈ పిల్లలకు చెప్పే పద్ధతిలో రహస్యం లేదు. కావలసింది క్రమం, ఓపిక. ముందు చెవికి పని పెట్టాలి. ‘మిరప’ అని మూడు చప్పట్లు కొట్టించాలి. ‘మి’ తీసేస్తే ఏం మిగిలిందని అడగాలి. ఈ ఆటకు పుస్తకం అక్కరలేదు. చదువు రాని తల్లి కూడా పొయ్యి దగ్గర కూర్చుని ఆడించవచ్చు.

తరువాత అక్షరాలు. అచ్చులు, హల్లులు వరసన వల్లె వేయించటం కాక, వారానికి రెండో మూడో అక్షరాలు చాలు. ఒకదానికొకటి పోలిన ‘ప, వ, ష’ల వంటివి ఒకే వారంలో చెప్పకూడదు. గుణింతాన్ని చీటీల మీద రాసి, వరస కలిపేసి చూపించాలి. అది కుదిరిన తరువాతే వత్తులు. ‘పతి, పత్తి’, ‘గడి, గడ్డి’ పక్కపక్కన పెట్టి చెప్పాలి. నోటితో పలుకుతూ వేలితో ఇసుకలో దిద్దించటం మంచి తోడు. మన వీధిబడుల్లో ఒకప్పుడు అక్షరాలు ఇసుకలోనే దిద్దించేవారు. అయితే ఇసుక ఒక్కటే మందు కాదు. నిన్న చెప్పింది ఈరోజు మళ్లీ చెప్పటం, రోజూ అరగంట తప్పకపోవటం ముఖ్యం. ముగ్గురు నలుగురు పిల్లలకు మించి ఒకచోట కూర్చోబెడితే ఫలితం తగ్గుతుంది.

అడగవలసిన ప్రశ్నలు

2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రులతో భారీ సమావేశాలు జరిగాయి. ఇటువంటి సమావేశానికి పిలుపు వచ్చినప్పుడు, పాఠశాల యాజమాన్య కమిటీ కూర్చున్నప్పుడు, ఈ ప్రశ్నలు అడగాలి. మూడో తరగతి పిల్లలందరికీ తొలి పరిశీలన జరిగిందా? చదవలేనివారిగా ఎందరి పేర్లు నమోదయ్యాయి? వారికి చూపు, వినికిడి పరీక్షలు చేయించారా? భవిత సిబ్బంది వారి కోసం వారంలో ఎన్ని గంటలు ఇస్తున్నారు? జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించాలి.

బడిలో ‘ఒక్కరూ లేరు’ అన్న జవాబు వస్తే దాన్ని శుభవార్త అనుకోరాదు. వెతకలేదని దాని అర్థం కావచ్చు. మంజూరైన పోస్టుల్లో మన పిల్లల వాటా దక్కాలంటే, ముందు వారి పేర్లు మూడో తరగతి దాటకుండా పుస్తకానికెక్కాలి.