టెస్టర్ చేతికిస్తే చాలు

మన హాస్టల్లో చదివి, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, ఇళ్ళ వైరింగు పనులకు పోతున్నవాళ్ళం మేము. ఆ దారిలో రాబోయే తమ్ముళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు.

స్విచ్ ఎప్పుడూ ఫేజ్ వైరు మీదే ఉండాలి. పొరపాటున న్యూట్రల్ మీద పెట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. ఇంటివాళ్ళకు తేడా తెలియదు. కానీ స్విచ్ ఆపాక కూడా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయినవాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. తోటి పనివాడు ఇలా కలిపితే, 'మనకెందుకులే' అని ఊరుకోవడం మర్యాద కాదు, పాపం.

అలాగని ఓనరు ముందు "ఎవడ్రా ఇది కలిపింది?" అని అరవడమూ తప్పే. అతని కూలి పోతుంది, రేపటి నుంచి పనికి పిలవరు. "హాస్టల్ చదువులు ఇంతే" అనడానికి కాచుకున్నవాళ్ళూ ఉంటారు. ఆ మాట మేమూ పడ్డాం. తప్పు మాదే, కాదనం. కానీ తప్పేమిటో ఆ రోజు ఎవరూ చూపలేదు, తిట్టారంతే.

అందుకే మేము పక్కకు పిలుస్తాం. "అన్నా, స్విచ్ ఆపి ఈ హోల్డర్ ఒకసారి చూడవా" అని టెస్టర్ అతని చేతికే ఇస్తాం. అది వెలిగాక మనం చెప్పేదేముంది? పెద్ద మేస్త్రీలు కూడా నవ్వేసి, మెయిన్ ఆపి, తామే మార్చేస్తారు.

ఎవరైనా ఆ హోల్డర్‌లో చెయ్యి పెట్టబోతుంటే మాత్రం మొహమాటం వద్దు. అరవండి, మెయిన్ ఆపండి. అలకలు టీ దగ్గర తీర్చుకోవచ్చు.