పిట్ట పోయి ఎక్స్ వచ్చింది.. మరి ఆ ఎక్స్ ఎవరిది? లోగో మార్పుతో వచ్చే చిక్కులివే!

కంపెనీ పేరు, లోగో మార్చడం ఒక్క పోస్టుతో అయిపోయే పని కాదు. ట్విట్టర్ విషయంలో జరిగింది అదే. 2023 జులైలో ఎలాన్ మస్క్ నీలి రంగు పిట్టను తీసేసి ఎక్స్ గుర్తు పెట్టారు. ప్రకటించిన మర్నాటికే సైట్‌లో లోగో మారిపోయింది. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ఒకే అక్షరం.. ఎందరో ఓనర్లు

ఎక్స్ అక్షరంపై అప్పటికే చాలా కంపెనీలకు ట్రేడ్‌మార్కులు ఉన్నాయి. ఎక్స్‌బాక్స్ గేమింగ్ కోసం మైక్రోసాఫ్ట్ 2003 నుంచే హక్కులు పెట్టుకుంది. మెటా దగ్గరా నీలం-తెలుపు ఎక్స్ ఉంది. ఇక ఫ్లోరిడాకు చెందిన ఎక్స్ సోషల్ మీడియా అనే యాడ్ ఏజెన్సీ 2023 అక్టోబర్‌లో ఏకంగా కోర్టుకెక్కింది. రెండు పేర్లూ ఒకేలా ఉండటంతో కస్టమర్లు అయోమయంలో పడుతున్నారన్నది దాని వాదన.

కాపీ కొట్టకపోయినా పోలికలెందుకు?

ఇప్పుడు లోగో ఫోన్‌లో చిన్న ఐకాన్‌గా కనిపించాలి. అందుకే గీతలు, రంగులు తగ్గించి ఒక అక్షరమో, ఒక వంపో మిగుల్చుతున్నారు. డిజైన్ ఎంత సింపుల్ అయితే, అలాంటిదే ఇంకొకరి దగ్గర ఉండే ఛాన్స్ అంత ఎక్కువ. 2014లో ఎయిర్‌బీఎన్‌బీ కొత్త లోగో తెస్తే, అది ఆటోమేషన్ ఎనీవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ లోగోలాగే ఉందని నెటిజన్లు పట్టేశారు. ఇది కాకతాళీయమేనని రెండు కంపెనీలూ చెప్పాయి. చివరికి లోగో మార్చుకునే పనిలో పడింది మాత్రం ఆటోమేషన్ ఎనీవేరే!

మన చట్టం ఏమంటోంది?

రెండు లోగోలను పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టడం కాదు, సగం సగం గుర్తున్న సామాన్య కస్టమర్ పొరబడతాడా లేదా అన్నదే మన దగ్గర కొలమానం. 1962లో అమృతధార, లక్ష్మణధార మందుల కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసింది. పేర్లు పొరబడేలా ఉన్నాయని తేల్చింది. కానీ అమృతధార వాళ్లు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పకపోవడంతో, ఉత్తరప్రదేశ్ వరకు లక్ష్మణధారకు రిజిస్ట్రేషన్ దక్కింది. అంటే హక్కు ఉంటే చాలదు, టైమ్‌కి అడగాలి కూడా. ప్రస్తుత చట్టం ప్రకారం దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 4 నెలలే గడువు.

పోలిక లేకున్నా గండమే

2010లో బట్టల బ్రాండ్ గ్యాప్ కొత్త లోగో పెట్టింది. జనం తిట్టిపోయడంతో వారం తిరక్కుండానే పాతదే తెచ్చుకుంది. గ్యాప్ లాంటి పెద్ద సంస్థ ఆ దెబ్బ తట్టుకుంటుంది. అదే చిన్న షాపు, స్టార్టప్ అయితే బోర్డు, బిల్లు బుక్కు, ప్యాకింగ్ కవర్లు, యాప్ ఐకాన్.. అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాల్సిందే. అందుకే డిజైనర్‌కు ఓకే చెప్పేముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఉచితంగా వెతికి చూసుకోవడం మేలు. బోర్డు పెట్టాక నోటీసు వస్తే ఖర్చు మాత్రమే కాదు, అప్పటిదాకా సంపాదించుకున్న పేరూ పోతుంది.