దిగేటప్పుడే గడియారం.. ఎండ్యూరో సైకిల్ పోటీ తీరిదీ!

వినుకొండ: కొండ పేరే ఊరి పేరుగా స్థిరపడిన పట్టణమిది. శిఖరంపై రామలింగేశ్వరస్వామి ఆలయం, దిగువన పట్టణం, పడమరగా సాగితే నల్లమల అడవులు. ఇలాంటి చోట పెరిగే యువతకు కొండబాట కొత్త కాదు. కొత్తగా వచ్చినవల్లా గేర్ల సైకిళ్లు, ఫోన్ తెరపై రాళ్ల బాటల్లో దూసుకువచ్చే విదేశీ క్రీడాకారుల దృశ్యాలు. వాటిలో ఎక్కువ ఆదరణ పొందుతున్న పోటీల్లో ఎండ్యూరో ఒకటి. అయితే తెరపై కనిపించేది అందులో సగమే. ఆ సగాన్నే నమ్మి కొండ దిగబోతే ఎముకలు విరగడం ఖాయం. మిగిలిన సగమేమిటో తెలుసుకోవడం క్రీడాభిమానులకే కాదు, తల్లిదండ్రులకూ అవసరమే.

ముందొచ్చినవాడు విజేత కాదు

సాధారణ సైకిల్ పందెంలో అందరూ ఒకేసారి బయలుదేరుతారు, గీత ముందుగా దాటినవారు గెలుస్తారు. ఎండ్యూరోలో అలా కుదరదు. కొండపై నుంచి దిగే కొన్ని బాటలను ఎంపిక చేసి, ఒక్కోదాన్ని ఒక్కో స్టేజీగా నిర్ణయిస్తారు. పోటీదారులను అర నిమిషం వంటి ఎడంతో ఒక్కొక్కరినే వదులుతారు. దిగడానికి పట్టిన సమయాన్ని మాత్రమే లెక్కిస్తారు. ఒక స్టేజీ ముగిశాక మరో స్టేజీ మొదలయ్యే చోటికి సైకిల్ తొక్కుకుంటూ ఎక్కాలి. తొక్కలేనివారు నెట్టుకుంటూ నడిచినా తప్పు లేదు. ఈ ఎక్కుడు సమయం ఫలితంలో కలవదు. అయితే తదుపరి స్టేజీ ఆరంభానికి కేటాయించిన వేళకు చేరకపోతే అదనపు సమయం జరిమానాగా పడుతుంది. ఆలస్యం మరీ ఎక్కువైతే పోటీ నుంచి తొలగిస్తారు.

ఉదాహరణకు మూడు స్టేజీల పోటీని తీసుకుందాం. మొదటి పోటీదారు వాటిని వరుసగా 4 నిమిషాల 10 సెకన్లు, 3 నిమిషాల 25 సెకన్లు, 5 నిమిషాల 5 సెకన్లలో దిగాడనుకుంటే మొత్తం 12 నిమిషాల 40 సెకన్లు. రెండో పోటీదారు మొదటి స్టేజీని 4 నిమిషాల్లో, మూడోదాన్ని 5 నిమిషాల్లో ముగించి రెండింటా ముందున్నాడు. కానీ మధ్య స్టేజీలో పడి లేవడంతో అక్కడ 3 నిమిషాల 50 సెకన్లు పట్టింది. అతని మొత్తం 12 నిమిషాల 50 సెకన్లు. మూడింట రెండు స్టేజీలు గెలిచినా పది సెకన్ల తేడాతో ఓడిపోయాడు. ఒక్క పతనం రెండు విజయాలను మింగేసిందన్నమాట. వేగం కంటే నిలకడకు ఈ క్రీడ పెద్దపీట వేస్తుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు.

కారు ర్యాలీల నుంచి సైకిల్‌కు

స్టేజీల వారీగా సమయం కట్టే ఈ విధానానికి మూలం మోటారు ర్యాలీలు. ఫ్రాన్స్, ఇటలీ కొండ ప్రాంతాల్లో వేళ్లూనుకున్న సైకిల్ ఎండ్యూరో, 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ ప్రారంభంతో అంతర్జాతీయ రూపం సంతరించుకుంది. ఆ తొలి ఏడాది పురుషుల్లో ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ క్లెమెంజ్, మహిళల్లో బ్రిటన్‌కు చెందిన ట్రేసీ మోస్లీ విజేతలుగా నిలిచారు. 2023లో ఈ సిరీస్ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రపంచ కప్ పోటీల్లో భాగమైంది. అయితే ఇది ఒలింపిక్ క్రీడ కాదు. 1996 అట్లాంటా క్రీడల నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది ఎక్కుడు, దిగుడు రెండింటినీ లెక్కించే క్రాస్‌కంట్రీ మాత్రమే. పూర్తిగా దిగుడుకే పరిమితమైన డౌన్‌హిల్ వేరు. ఈ రెండింటి నడుమ నిలిచేదే ఎండ్యూరో.

మన దేశానికీ కొండ సైకిల్ పోటీలు కొత్తవి కావు. హిమాచల్‌ప్రదేశ్‌లో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ రోజుల తరబడి సాగే పోటీగా పేరొందింది. 2023 అక్టోబరులో కేరళలోని తిరువనంతపురం జిల్లా పొన్ముడి ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్‌కు వేదికైంది. దక్షిణాది కొండలు ఖండస్థాయి పోటీకి సరిపోతాయని అది రుజువు చేసింది.

ఖరీదైన సైకిలే కావాలా?

అంతర్జాతీయ పోటీదారులు వాడే సైకిళ్లకు ముందూ వెనుకా 15 నుంచి 18 సెంటీమీటర్ల మేర కుంగే షాక్ అబ్జార్బర్లు, దిగేటప్పుడు మీట నొక్కి కిందికి దించుకునే సీటు ఉంటాయి. వీటి ధర సామాన్యులకు అందేది కాదు. కొత్తగా నేర్చుకునేవారికి ముందు చక్రం వద్ద మాత్రమే షాక్ అబ్జార్బరున్న గట్టి సైకిల్, నమ్మకమైన డిస్క్ బ్రేకులు, వెడల్పాటి టైర్లు చాలు. పొదుపు చేయకూడనిది హెల్మెట్ విషయంలోనే. గడ్డాన్ని కూడా కప్పే హెల్మెట్, మోకాలి, మోచేతి రక్షణ కవచాలు, చేతి తొడుగులు లేకుండా స్టేజీలోకి దిగడం ఆత్మహత్యా సదృశం. తుమ్మముళ్లు రాలే బాటల్లో పంక్చర్లు తప్పవు గనుక విడి ట్యూబు, గాలిపంపు వెంట ఉండాలి. పోటీ మధ్యలో బయటివారి సాయాన్ని నిబంధనలు చాలావరకు అనుమతించవు. తన సైకిల్‌ను తాను బాగుచేసుకోవడం కూడా పోటీలో భాగమే.

బాటను ముందుగా నడిచి చూడటం మరో ప్రధాన సూత్రం. రాయి ఎక్కడ కదులుతోంది, మలుపు ఎక్కడ ఇరుకవుతోంది, బ్రేకు ఎక్కడ వేయాలి అన్నవి నడకలోనే తెలుస్తాయి. మలుపులోకి చేరకముందే వేగం తగ్గించాలి. వెనుక నుంచి వేగంగా వచ్చేవారికి వీలైన తొలి చోటే దారి ఇవ్వాలి. గుర్తులు దాటి అడ్డదారి తొక్కితే జరిమానా లేదా బహిష్కరణ తప్పదు.

పల్నాడు ముందున్న ప్రశ్నలు

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో కొండలకు కొదవ లేదు. కానీ కొండ ఉన్నంత మాత్రాన స్టేజీ ఉన్నట్టు కాదు. వినుకొండ, కోటప్పకొండ వంటివి భక్తులు కాలినడకన తిరిగే పుణ్యస్థలాలు. ఆ మెట్లపై, బాటలపై సైకిల్ వేగం తగదు. రిజర్వు అడవుల్లో అనుమతి లేని ప్రవేశం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మరింత కఠినం. కాబట్టి జనసంచారం లేని, అడవి పరిధిలోకి రాని చిన్న గుట్టలను యజమానుల లేదా అధికారుల లిఖితపూర్వక అనుమతితో ఎంచుకోవడమే మార్గం.

రెండో ప్రశ్న వైద్య సహాయం. 108 వాహనం రోడ్డు వరకే రాగలదు. గుట్ట నడుమ పడినవారిని రోడ్డుకు చేర్చేందుకు స్ట్రెచర్, ప్రథమ చికిత్స తెలిసిన మనుషులు, ప్రతి స్టేజీ వెంట ఒకరికొకరు కనిపించే దూరంలో పర్యవేక్షకులు ఉండాలి. మూడోది వాతావరణం. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ ఎరుకే. గడియారం ఆగినా ఎక్కుడులో చెమట ఆగదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అదీ ఉదయం వేళల్లోనే ఇలాంటి పోటీలు ఇక్కడ సాధ్యం.

ఈ మూడింటికీ సమాధానం సిద్ధమయ్యాక ఒక్కో నిమిషం పట్టే రెండు స్టేజీలతో ఆరంభించినా అది ఎండ్యూరోనే అవుతుంది. అవేవీ లేకుండా ఎంత పెద్ద కొండ దిగినా అది క్రీడ కాదు, ప్రాణాలతో పందెం. కొండబాట తెలిసిన యువతకు కావాల్సింది దూకుడు నేర్పే తెర కాదు, దిగడం నేర్పే శిక్షకులు, దారి చూపే నిర్వాహకులు. ఆ బాధ్యతను పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు, క్రీడాసంఘాలు భుజాన వేసుకుంటేనే ఈ ఉత్సాహం సరైన దారిన పడుతుంది.