అమ్మను వంతులేసుకున్నాం, వైద్యం మాత్రం అడగలేదు

అమ్మ ఈ నెల పెద్దకొడుకు ఇంట్లో, వచ్చే నెల చిన్నకొడుకు ఇంట్లో, పండక్కి కూతురి దగ్గర. పెద్దవాళ్లను ఇలా నెలల లెక్కన పంచుకుని, అన్నదమ్ములం న్యాయంగానే ఉన్నామని తృప్తిపడే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అది ఇబ్బంది. అల్జీమర్స్ ఉన్నవాళ్లకు శిక్ష. ఆ జబ్బులో కొత్త విషయం మెదడులో నిలవదు. బాత్రూమ్ ఎటు, స్విచ్చి ఎక్కడ అన్నది పాత ఇంట్లో కాళ్లకూ చేతులకూ అలవాటై ఉంటుంది గనక నెట్టుకొస్తారు. ఇల్లు మారిన రాత్రే ఆ ఆసరా పోతుంది. అర్ధరాత్రి లేచి తలుపు గొళ్లెం లాగుతారు, "మా ఇంటికి పోతా" అని ఏడుస్తారు, బాత్రూమ్ దొరక్క వంటగదిలో తడిపేస్తారు. "అన్నయ్య దగ్గర బాగానే ఉంటుందట, మా దగ్గరికొస్తేనే ఇలా" అని మనం గొణుక్కుంటాం. ఆమె అయోమయాన్ని పెంచింది మన ఏర్పాటే. అమ్మను కదపకుండా, పిల్లలే వంతులవారీగా ఆమె ఇంటికి వెళ్లి ఉండొచ్చన్న ఆలోచన మనలో చాలామందికి రానేలేదు.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్లడమే ఆలస్యంగా వెళ్లాం. అడిగిందే అడుగుతుంటే చాదస్తం అనుకున్నాం. "నా గొలుసు కోడలే తీసింది" అని ఆమె అంటే, అత్తగారి బుద్ధి అని తీర్పు చెప్పి ఏళ్ల తరబడి మాటలు మానేశాం. తాను ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును ఎవరో దొంగిలించారని నమ్మడం ఈ జబ్బులో తరచూ కనిపించే లక్షణం. ఎవరైనా డాక్టరుకు చూపించమంటే "అంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకెళ్లమంటావా" అని కోప్పడ్డాం. ఈ మాట రాయడానికి నొప్పిగా ఉంది గానీ, చాలా ఇళ్లలో పొలం కాగితాల మీద సంతకం పెట్టించడానికి చూపిన తొందర పరీక్ష చేయించడానికి చూపలేదు.

ఆ ఆలస్యానికి కొందరు మూల్యం చెల్లించారు. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్, కుంగుబాటు, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో చేరిన రక్తం, నిద్రమాత్రలు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా మనిషిని అలా చేయగలవు. వీటిలో చాలావాటికి మందుంది. రక్తపరీక్ష, ఒక స్కాను చేయించి ఉంటే తేలిపోయేదాన్ని వయసు ఖాతాలో రాసేశాం.

జబ్బు పేరు తెలిసిన ఇళ్లలోనూ వైద్యమంటే మాత్రే అనుకున్నాం. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ కొందరికి కొంతకాలం కొంత ఊరటనిస్తాయి, జబ్బును ఆపవు. అమెరికాలో 2023లో లెకానెమాబ్ అనే మందుకు, 2024లో డోనానెమాబ్ అనే మందుకు అనుమతి వచ్చినప్పుడు అక్కడి మన పిల్లలు ఆశగా ఫోన్లు చేశారు. అవి తొలిదశలో ఉన్నవాళ్లకే. జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయంతే. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది గనక మాటిమాటికీ ఎమ్మారై తీయాలి. వాటి ఖర్చు కోసం ఆరాటపడిన మనం, తక్కువ ఖర్చుతో అయ్యే వైద్యం సంగతి అడగలేదు.

అలాంటి వైద్యం ఉంది. కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అని, బ్రిటన్‌లో రూపొందింది. తొలి, మధ్య దశల్లో ఉన్న కొద్దిమందిని కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు చొప్పున ఏడు వారాలు, మొత్తం 14 సమావేశాలు. పాటలు, పాత ఫొటోలు, వంటలు, ఆటలు, కబుర్లు. ఆలోచనకూ మాటకూ దానివల్ల మేలు కలుగుతుందని పరిశోధనలు చూపాయి. చెన్నైలో దాన్ని తమిళుల జీవితానికి తగ్గట్టు మలిచారు. మనకు లేనిదేమిటి? ఘంటసాల పాటలున్నాయి, వామనగుంటలున్నాయి, మాల కట్టే చేతులున్నాయి, బియ్యంలో రాళ్లేరే అలవాటుంది. వీటిని చికిత్సగా మలచగల ఆక్యుపేషనల్ థెరపిస్టు మన ఊళ్లో ఉన్నారా అని వాకబు చేసిన కుటుంబాలు ఎన్ని?

హైదరాబాద్ తలుచుకుంటే నాకు మరీ బాధ. నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని తేల్చింది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడిన మామూలు మనుషుల జీవితాలు ప్రపంచ నాడీశాస్త్రానికి ఒక పాఠమయ్యాయి. మనం పత్రికల్లో చదివి గర్వపడి ఊరుకున్నాం. ఈ జబ్బును గుర్తించి చూడగల ఆ నైపుణ్యం పార్వతీపురానికీ ఆసిఫాబాద్‌కీ రావాలని పట్టుబట్టలేదు.

ఇంట్లో భారమంతా ఒక్క మనిషి మీద వేశాం. చాలాచోట్ల ఆ మనిషి కోడలో, భార్యో, పెళ్లికాని కూతురో. ఆమె ఉద్యోగం మానేసింది, పేరంటాలు మానేసింది, రాత్రి నిద్ర మానేసింది. దూరాన ఉన్న మనం వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడి "నాన్న బాగానే ఉన్నాడు కదా, నువ్వే కంగారు పడుతున్నావు వదినా" అన్నాం. తొలిదశలో ఉన్నవాళ్లు కుశలప్రశ్నలకు చక్కగా జవాబిస్తారు. ఫోన్ పెట్టేశాక ఎవరు చేశారో అడిగితే చెప్పలేరు. అది చూసింది ఆమె ఒక్కతే. ఆమె మాట మనం నమ్మలేదు.

మా పత్రికల వాళ్ల తప్పూ చిన్నది కాదు. ప్రపంచ అల్జీమర్స్ దినమని సెప్టెంబరు 21న ఒక వ్యాసం వేసి, మిగతా ఏడాదంతా జ్ఞాపకశక్తికి చిట్కాలూ లేహ్యాల ప్రకటనలూ వేశాం. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవడం, వినికిడి తగ్గితే మిషన్ పెట్టించుకోవడం లాంటివాటికి మెదడుతో ఉన్న సంబంధాన్ని అంత పెద్ద అక్షరాల్లో ఎన్నడూ వేయలేదు. లాన్సెట్ కమిషన్ 2024లో 14 కారణాలు లెక్కగట్టి, వాటిని సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమంది. ఆ జాబితాలో వినికిడి లోపం ముందు వరసలో ఉంది.

దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. ఇంతమందికి మన ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆస్పత్రి మంచం ఖర్చే ఇస్తాయి. ఇంట్లో గడిచే ఎనిమిదేళ్లకో పదేళ్లకో వాటిలో చోటు లేదు. పెద్దల సహాయవాణి 14567, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉన్నాయి, అల్జీమర్స్ సంఘానికి హైదరాబాద్‌లో శాఖ ఉంది. వాటి పేరు తెలియని కుటుంబాలే ఎక్కువ.

ఓట్లకొచ్చినవాళ్లను పింఛను ఎంత పెంచుతారని అడిగాం. జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒక పూట మెమరీ క్లినిక్ పెట్టమని అడగలేదు. బీపీ, షుగరు చూడటానికి ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు మతిమరుపు గురించి రెండు ప్రశ్నలు నేర్పమని అడగలేదు. పట్టణానికొక పగటి సంరక్షణ కేంద్రం ఉంటే, పొద్దున పదింటికి మామగారిని అక్కడ దింపి మధ్యాహ్నం రెండింటికి తీసుకొచ్చే కోడలు ఆ నాలుగు గంటల్లో నిద్రపోగలదు, తన మోకాలి నొప్పికి తాను డాక్టరును కలవగలదు. మున్సిపాలిటీల కమ్యూనిటీ హాళ్లు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉంటున్నాయి. వాటిలో ఒకదాన్ని ఇందుకు తెరవమని కమిషనరుకు ఒక అర్జీ పెట్టడానికి పదిమంది సంతకాలు చాలు.