ఒళ్ళు తగ్గే ఆపరేషన్‌కు డబ్బెక్కడ పుడుతుంది?

ఇంట్లో ఆయనకు మోకాలు నొప్పి అంటే ఎక్స్‌రే, స్కానింగు, స్పెషలిస్టు! అదే ఆడమనిషి నూరు కిలోలకు చేరి, నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసపడుతుంటే “అన్నం తగ్గించు, పొద్దున్నే నడువు” అని సలహాలిచ్చేవాళ్ళే అందరూ. తిండీ నడకా ముందు చూసుకోవాల్సిందే, కాదనను. కానీ వాటికి లొంగని ఊబకాయం కూడా ఉంటుందమ్మా. అది సోమరితనం కాదు, జబ్బు. దాని వెంట షుగరు, బి.పి., నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, అన్నీ వరస కడతాయి. అలాంటప్పుడే డాక్టర్లు పొట్ట సైజు తగ్గించే ఆపరేషన్ చెబుతారు. దాన్నే బేరియాట్రిక్ సర్జరీ అంటారు.

మా కోవూరు వాళ్ళం ఏ జబ్బొచ్చినా పెన్న దాటి నెల్లూరుకు పోతాం, ఇంకా పెద్దదైతే మద్రాసు. ప్రైవేటులో ఈ ఆపరేషన్ అంటే లక్షల్లో మాట. “ఇన్సూరెన్సు ఉందా?” అని కౌంటర్లో అడుగుతారు. లేదంటే కథ అక్కడితో సరి. ఇక చూపు మెళ్ళో గొలుసు మీదికో, ఉన్న అరెకరం మీదికో పోతుంది.

కాస్త ఆగండి. ఇది అర్ధరాత్రి పరిగెత్తి చేయించుకునే ఆపరేషన్ కాదు. సాధారణంగా కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. తాకట్టుకు ముందు తట్టాల్సిన తలుపులు కొన్ని ఉన్నాయి. వాటన్నిటికీ తాళంచెవి ఒకటే, డాక్టరు రాసిచ్చే కాగితం.

ముందు కాగితం

“లావుగా ఉంది, ఆపరేషన్ కావాలి” అని రాస్తే ఎవరూ పైసా ఇవ్వరు. అందానికి అనుకుంటారు. ఎత్తు, బరువు, బి.ఎం.ఐ., షుగరు ఎన్నేళ్ళ నుంచి, ఏ మందులు వాడినా అదుపులోకి రాలేదు, నిద్ర పరీక్షలో ఏం తేలింది, గుండె ఎట్లా ఉంది, ఇవన్నీ ఉన్నది ఉన్నట్టు రాయించుకోండి. బి.ఎం.ఐ. లెక్క తేలికే. బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. అయిదడుగుల మనిషి సుమారు 81 కిలోలుంటే 35, సుమారు 93 కిలోలుంటే 40 వస్తుంది. ఈ రెండంకెలూ గుర్తుంచుకోండి, ఇప్పుడే పనికొస్తాయి.

లేదనుకున్న ఇన్సూరెన్సు

ఒకప్పుడు ఊబకాయం ఆపరేషన్ అంటే పాలసీలు ముఖం తిప్పుకునేవి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఒక పద్ధతి పెట్టింది. డాక్టరు సలహా ఉండి, వయసు 18 దాటి, బి.ఎం.ఐ. 40 లేదా అంతకు మించి ఉంటే ఊబకాయం మినహాయింపు కింద కొట్టేయకూడదు. 35 ఉన్నా, అదుపు కాని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉండి, మిగతా చికిత్సలు పనిచేయకపోతే అదే వర్తిస్తుంది. చిక్కేమిటంటే, మన ఆసియా వాళ్ళకు ఇంతకంటే తక్కువ బి.ఎం.ఐ.కే డాక్టర్లు ఆపరేషన్ చెప్పవచ్చు. డాక్టరు సరేనన్నంత మాత్రాన పాలసీ సరేననదు.

మీ పేర పాలసీ లేకపోవచ్చు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లల కంపెనీ పాలసీలో అమ్మానాన్నల పేర్లున్నాయేమో అడిగారా? కంపెనీ పాలసీల్లో చాలావాటికి ముందున్న జబ్బుకు ఎదురుచూడాల్సిన గడువు ఉండదు. సొంతంగా కొత్త పాలసీ కొంటే మాత్రం ఆ గడువు మూడేళ్ళ దాకా ఉండొచ్చు. షుగరుందని దాచి కొనకండి, ఆ తర్వాత క్లెయిము పోతుంది. క్లెయిము అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అక్కడా కాకపోతే ఏడాది లోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

సర్కారు వైపు

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. అందులో వచ్చే చికిత్సలకు జాబితా ఉంది. మీ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో 104కు ఫోన్ చేసిగాని, ఆస్పత్రిలో ఉండే పథకం మిత్రను గాని అడగండి. లేదంటే ఆ మాటే రెండో తలుపుకు పనికొస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధిని పథకంలో రాని చికిత్సలకే ఎక్కువగా అడుగుతుంటారు. దరఖాస్తు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళుతుంది. ఆధారు, రేషను కార్డు, ఆస్పత్రి అంచనా కాగితం జతచేయాలి. ఆపరేషన్ అయిపోయాక అయితే అసలు బిల్లులు కావాలి. బిల్లంతా వస్తుందని మాత్రం నమ్ముకోకండి, వచ్చినంత మేలనుకోండి.

ఇక పెద్దాస్పత్రులు. ధర్మాస్పత్రిలో ఇట్లాంటివి చేయరనుకోవద్దు. 2022లో హైదరాబాదు ఉస్మానియాలో 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల సర్జరీ విభాగంలో నేరుగా వెళ్ళి అడగండి.

విరాళాలూ, అప్పులూ

2017లో ఈజిప్టు నుంచి దాదాపు 500 కిలోల బరువుతో ముంబయి వచ్చిన ఇమాన్ అహ్మద్‌కు సైఫీ ఆస్పత్రిలో విరాళాలతో వైద్యం చేశారు. ప్రపంచమంతా చూసిన కేసు కాబట్టి ఆ డబ్బు వచ్చింది. మనలాంటి వాళ్ళకు ఆస్పత్రిలోని సోషల్ వర్కరును అడిగి, ట్రస్టుల వివరం తెలుసుకోవడమే దారి. డబ్బు ఇప్పిస్తానని ముందే కమీషను అడిగేవాణ్ణి గుమ్మం దగ్గర నుంచే పంపేయండి.

అప్పు తప్పదంటే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకండి. 1992లో సారా మీద తిరగబడ్డ దూబగుంట మన జిల్లాదే. ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలూ మన జిల్లాలో లేచాయి. మీ సంఘంలో అంతర్గత అప్పు, 2011లో ఏర్పడిన స్త్రీనిధి రుణం, ఆ తర్వాతే బ్యాంకు బంగారం లోను. ఇదీ వరస. అప్పు చేసేముందు ఒక లెక్క వేసుకోండి. బిల్లు కట్టడంతో ఖర్చు అయిపోదు. విటమిన్లు, ఐరన్, కాల్షియం బిళ్ళలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. అవి మానేస్తే ఆపరేషన్ మేలు చేయకపోగా మనిషిని నీరసపరుస్తుంది.

చివరగా ఒక మాట. “తక్కువలో అయిపోతుంది” అని కొవ్వు పీల్చే లైపోసక్షన్ వైపు లాగేవాళ్ళుంటారు. అది ఒంటి ఆకారానికి చేసేది, ఊబకాయానికి చికిత్స కాదు. మన సినిమాల ఆర్తి అగర్వాల్ అలాంటి ఆపరేషన్ చేయించుకున్న కొన్ని వారాలకే, 2015 జూన్‌లో, అమెరికాలో 31 ఏళ్ళకే కన్నుమూసింది. ఏ ఆపరేషన్‌కైనా ఒప్పుకునేముందు ఎందుకు, ఎంతకు, తర్వాత ఎవరు చూస్తారు అని మూడు ప్రశ్నలు అడగండి.

ఆడదాని జబ్బుకు ఇంట్లో డబ్బు కడపటే బయటికొస్తుంది, ఇది మనకందరికీ తెలిసిందే. అందుకే ఆ డాక్టరు కాగితం ముందు మీ ఇంట్లో చూపించండి. “తిని లావెక్కింది” అన్న నోళ్ళు “దీనికేం చేద్దాం” అంటే, మొదటి తలుపు తెరుచుకున్నట్టే.