భయం పోవాలంటే అనుమానం పోవాలి



బాంబు చప్పుడు ఒక్క క్షణమే. దాని భయం మాత్రం ఏండ్ల తరబడి ఉంటది. బాంబు పెట్టినోడికి కావాల్సింది గూడ అదే.

2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 42 మంది చనిపోయారు. లుంబినీలో చనిపోయిన వాళ్లలో మహారాష్ట్ర నుంచి ఊరు చూడ్డానికి వచ్చిన విద్యార్థులు కూడా ఉన్నారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ పేలాయి. అయినా గోకుల్ చాట్ తిరిగి తెరిచారు. పార్కుకు పిల్లలు పోతున్నారు. ఇది జనం గెలుపు. ఇందుకు ఎవరూ ఉపన్యాసాలు చెప్పలేదు. బతుకుదెరువు కోసం బయటికి రాక తప్పదు గనక వచ్చారు.

కాని నా అభిప్రాయంలో ఇది సగం ధైర్యమే. భయపడ్డవాడికి తాడు కూడా పాములాగే కనబడుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినాక పాతబస్తీ కుర్రాళ్లను ఎందరినో పట్టుకుపోయారు. తర్వాత వాళ్లు నిర్దోషులని కోర్టుల్లో తేలింది. పోయిన చదువులు, పోయిన పేరు ఎవరు తెచ్చియ్యాలె?

ఈ బాధ గిరిజనులమైన మనకు తెలియంది కాదు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అనుమానం మాత్రం రద్దు కాలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ ముఠా తిరుగుతోందని తెలంగాణ అంతా పుకారు లేచింది. పార్ధీలు కూడా ఆ చట్టం కింద నలిగినవాళ్లే. ఆ పుకారు నమ్మి ఊర్లల్లో అమాయకులను చెట్లకు కట్టి కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. అక్కడ బాంబు లేదు. భయమే బాంబు అయింది.

మన పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి పనిచేసేవాళ్లు ఎంతోమంది. వాళ్లను చూసి "ఎవరో ఏమో" అనుకునే మాట మన హాస్టల్లోనూ వినబడుతుంది. మన అన్నలు పనికి పరాయి ఊరు పోతే అక్కడివాళ్లు కూడా గట్లనే అంటే మనకెట్లుంటది?

మరి జాగ్రత్త వద్దా అంటారేమో. తప్పక కావాలి. దిక్కులేని బ్యాగు కనబడితే ముట్టకుండా దూరం జరిగి, వార్డెన్ సారుకు చెప్పాలి, 100కు ఫోన్ చేయించాలి. అది జాగ్రత్త. మనిషి భాష చూసి, టోపీ చూసి, కులం చూసి దొంగ అనడం జాగ్రత్త కాదు, పిరికితనం. తప్పు చేసినోడిని తేల్చడానికి కోర్టు ఉంది. 2007 కేసులో 11 ఏండ్లకు, 2018లో తీర్పు వచ్చింది. ఆలస్యమే. అయినా సాక్ష్యం చూసి వేసిన శిక్ష వేరు, గుంపు కొట్టిన దెబ్బ వేరు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. ప్రతి ఆగస్టు 25న ప్రార్థనలో 2 నిమిషాలు మౌనం పాటిద్దాం. మిత్రులకు ఒక మాట. ఇకనుంచి ఏ పుకారు విన్నా ముందు "నువ్వు కళ్లారా చూసినవా?" అని అడుగుదాం. దేశం మొత్తం ధైర్యంగా ఉండాలంటే ముందు మన రూములో ఆ ప్రశ్న మొదలుకావాలి.

– 9వ తరగతి విద్యార్థి